బడికొక్కరం

అందరికీ నమస్కారం.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న ప్రశ్న. మీ బడిలో మీరు కాకుండా ఇంకో లైబ్రేరియన్ ఉన్నవాళ్లు దయచేసి చెయ్యెత్తండి. ఒకటి, రెండు... వెనక వరసలో ఇంకొకరు. మూడు. దించండి, థాంక్స్.

హాలు నిండా మనుషులున్నారు, లేచినవి మూడు చేతులు. నేను ఇవాళ చెప్పాలనుకున్నదంతా ఈ మూడు చేతుల చుట్టూనే తిరుగుతుంది.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం 'స్కూల్ లైబ్రేరియన్లలో నాయకత్వం, వృత్తి సేవ'. ఈ మాటలు వినగానే మనలో చాలామందికి ఏమనిపిస్తుందో నాకు తెలుసు. నాయకత్వమంటే హెడ్మాస్టర్ గారి పని, వృత్తి సేవంటే తీరిక ఉన్నవాళ్ల పని. "పుస్తకాలు ఇష్యూ చేసి, రిటర్న్ తీసుకుని, అరల్లో సర్దేసరికే బెల్లు మోగుతుంది, ఇంక సంఘాలూ సమావేశాలూ ఎక్కడ మేడమ్" అని నాతో అన్నవాళ్లున్నారు. మొదట్లో చాలా ఏళ్లు నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. బడికొక్కరుగా ఉండేవాళ్లకు, తోటి లైబ్రేరియన్లతో కలిసి చేసే పని ఉద్యోగంలో సగం. ఆ సగం లేకపోతే బడిలో చేసే మిగతా సగం కూడా ఎక్కువకాలం నిలబడదు.

ఒక లెక్కల టీచరుకు ఏదైనా సందేహం వస్తే స్టాఫ్‌రూమ్‌లో పక్క కుర్చీలో ఇంకో లెక్కల టీచరు ఉంటారు. కొత్తగా చేరినవాళ్లు పెద్దవాళ్ల క్లాసులో వెనక బెంచీలో కూర్చుని చూసి నేర్చుకుంటారు. మనకు పక్క కుర్చీ లేదు. చేరిన మొదటిరోజే తాళంచెవులు చేతికిచ్చి 'ఇదీ మీ లైబ్రరీ' అంటారు. ఆ రోజు నుంచి మనం చేసేది తప్పో ఒప్పో చెప్పడానికి ఆ బడిలో మన పని తెలిసిన మనిషి ఉండరు. తప్పు చేస్తే చెప్పేవాళ్లు లేరు సరే, బాగా చేసినా గుర్తుపట్టేవాళ్లు లేరు. రెండోది ఇంకా కష్టం.

ఈ ఒంటరితనం చిన్నదేం కాదు. మన వృత్తికి తండ్రి అని మనం చెప్పుకునే రంగనాథన్ గారినే అది దాదాపు ఓడించింది. ఆయన లెక్కల అధ్యాపకుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి మొదటి లైబ్రేరియన్‌గా చేరారు. నిండు క్లాసులో పాఠం చెప్పడానికి అలవాటు పడ్డ మనిషి ఒక్కసారిగా పుస్తకాల మధ్య ఒంటరిగా కూర్చోవాల్సొచ్చింది. కొద్దిరోజులకే భరించలేక, పాత ఉద్యోగం తిరిగి ఇప్పించమని కాలేజీకి వెళ్లి బతిమాలుకున్నారు. ముందు లండన్ వెళ్లి చదువుకుని రమ్మనీ, అప్పటికీ నచ్చకపోతే పాఠాలు చెప్పుకోవచ్చనీ అక్కడివాళ్లు నచ్చజెప్పి పంపారు. ఆయన వెళ్లారు. యూనివర్సిటీ కాలేజీలో చదివారు, అక్కడి లైబ్రరీలు ఎన్నో తిరిగి చూశారు, ఆ పనిలో తలమునకలైన మనుషులతో కలిసి గడిపారు. తిరిగొచ్చాక మళ్లీ వెనక్కి చూడలేదు.

ఈ కథను సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం తర్వాత జరిగిందే ముఖ్యం. తిరిగొచ్చిన కొన్నేళ్లకే, 1928లో, ఆయన మద్రాసు గ్రంథాలయ సంఘం స్థాపనలో ముందు నిలిచారు, దానికి కార్యదర్శిగా పనిచేశారు. మరుసటి ఏడాది నుంచి ఆ సంఘం తరఫున లైబ్రేరియన్లకు శిక్షణ తరగతులు మొదలయ్యాయి. 1931లో వచ్చిన ఆయన అయిదు గ్రంథాలయ సూత్రాల పుస్తకం ఉంది చూశారూ, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అని మనం కోర్సులో కంఠస్థం చేసినది, దాన్ని అచ్చువేసింది కూడా ఆ సంఘమే. ఇరవై ఏళ్ల కృషి తర్వాత 1948లో మద్రాసు రాష్ట్రంలో గ్రంథాలయాల చట్టం వచ్చింది. అంటే ఒంటరిగా కూర్చోలేకపోయిన మనిషి, ఇంకెవరూ ఒంటరిగా కూర్చోకుండా ఉండే ఏర్పాటు చేశారన్నమాట. సంఘం పని ఆయన తీరిక వేళల్లో చేసుకున్నది కాదు. ఆయన ఆలోచనలు నలుగురికీ చేరిన దారే అది.

ఇక నా సంగతి చెబుతాను.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది చివర స్టాక్ వెరిఫికేషన్ వచ్చింది. లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నమోదుచేసే యాక్సెషన్ రిజిస్టర్ ముందు పెట్టుకుని ఒక్కో అరా లెక్కపెట్టాను. 140 పైచిలుకు పుస్తకాలు కనిపించలేదు. అందులో సగానికి పైగా నేను చేరకముందే పోయినవి, కానీ ఛార్జి తీసుకునేటప్పుడు లెక్క చూసుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. ఉన్నవన్నీ అందాయని సంతకం పెట్టేశాను. పోయిన పుస్తకాల విలువ నా జీతంలోంచి పట్టుకుంటామని ఆఫీసులో అన్నారు. రెండు రాత్రులు నిద్రపట్టలేదు. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

వేరే బడిలో పనిచేసే ఒక సీనియర్ లైబ్రేరియన్ నంబరు ఎలాగో సంపాదించి ఫోన్ చేశాను. అంతకుముందు ఆయన్ని ఒక్కసారే చూశాను. అంతా విని ఒకే మాట అడిగారు: "ఏమ్మా, ఆదివారం బడి తాళం తీయిస్తారా?" ఆదివారం పొద్దున్నే వచ్చారు, సాయంత్రం దాకా నాతోపాటు కూర్చున్నారు. ఇష్యూ రిజిస్టర్లు పదేళ్లవి తిరగేశాం. ఏ పుస్తకం చివరిసారి ఎప్పుడు వెళ్లిందో రాసుకున్నాం. తప్పుచోట దొరికినవి, బైండింగుకు వెళ్లి తిరిగి రానివి, అంతకుముందు తనిఖీలోనే లేవని తేలినవి విడివిడిగా పట్టికలు వేశాం. తెరిచి ఉంచే అరల్లో వందలమంది పిల్లలు చేతులు పెట్టే చోట కొంత నష్టం తప్పదని, పుస్తకాలకు తాళం వేసి ఉంచడం అంతకన్నా పెద్ద నష్టమని, ఒక పేజీ వివరణ ఎలా రాయాలో ఆయనే చెప్పారు. చివరికి నిజంగా పోయినవి 31 అని తేలింది. వాటి రద్దుకు అనుమతి వచ్చింది.

వెళ్లేటప్పుడు నేనేదో కృతజ్ఞతలు చెప్పబోతే, "ఇంకో ఏడాదిలో నీకూ ఇలాంటి ఫోన్ వస్తుంది, అప్పుడు వెళ్లు" అని స్కూటర్ ఎక్కారు. నిజంగానే ఏడాది తిరక్కుండా వచ్చింది. వెళ్లాను. వృత్తి సేవ అనే మాటకు నాకు తెలిసిన అర్థం అదే. పదవులూ శాలువాలూ తర్వాత వచ్చాయి, కొన్ని రాలేదు కూడా.

ఇప్పుడు బడి లోపలి సంగతికి వద్దాం. నాయకత్వం అనే మాటను కొందరు బాగా చాకిరీ చేయడం అనుకుంటారు. ఐడీ కార్డులు ప్రింట్ చేయించాలా, లైబ్రేరియన్ ఉన్నారు. టీచరు సెలవు పెట్టారా, పిల్లల్ని లైబ్రరీలో కూర్చోబెట్టండి. పరీక్ష పేపర్లు ఎక్కడ దాచాలి, లైబ్రరీ బీరువాలో. అన్నిటికీ సరేనంటే 'మేడమ్ లేకపోతే బడి నడవదు' అంటారు, వినడానికి బాగుంటుంది. కానీ పోస్టులు తగ్గించే రోజు వచ్చినప్పుడు ఆ పనులన్నీ ఎవరైనా చేయగలిగినవేనని వాళ్లే గుర్తిస్తారు. సాయం చేయొద్దని నేననడం లేదు. మన పనేమిటో మనం చూపించకపోతే ఇతరులకు తోచిన పనే మన పనైపోతుంది.

నేను చూపించుకోగలిగిన మొదటి సందర్భం చెబుతాను. ఎనిమిదో తరగతి సైన్స్ టీచరు నీటి కాలుష్యం మీద ప్రాజెక్టు ఇచ్చారు. ఒక సాయంత్రం దిద్దిన నోట్‌బుక్కులు లైబ్రరీలో పెట్టి వెళ్తే ఊరికే తిరగేశాను. 38 మందిలో 26 మంది ఒకే పేరా రాశారు. ఇంటర్నెట్‌లో ఒకేచోట నుంచి ఎత్తారు, అక్కడున్న అక్షరదోషం కూడా వదల్లేదు. మర్నాడు హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేయొచ్చు. దానివల్ల ఆ టీచరు జన్మలో మళ్లీ నాతో మాట్లాడరు. లంచ్‌లో ఆవిడ పక్కన కూర్చుని, "వచ్చేసారి ప్రాజెక్టు ఇచ్చేముందు నాకు నాలుగు పీరియడ్లు ఇస్తారా, మార్కులు మీరే వేయండి, వెతకడం నేను నేర్పుతాను" అని అడిగాను. ఆవిడ నమ్మకం లేకుండానే సరేనన్నారు.

ఆ నాలుగు పీరియడ్లలో మొదటి రెండూ బాగా గడిచాయి. మూడోరోజు క్లాసంతా డీలా పడిపోయింది. ఒక పిల్లాడు "నేను టాపిక్ మార్చుకుంటాను మేడమ్" అన్నాడు, ఒకమ్మాయి ఏడ్చినంత పని చేసింది. నా పాఠం చెడిపోయిందనుకుని ఇంటికెళ్లాను. అప్పటికి నాకు కెరొల్ కూల్తావ్ పేరు తెలియదు. ఆవిడ అమెరికాలోని న్యూజెర్సీలో స్కూల్ లైబ్రేరియన్‌గా పనిచేసినావిడ. ప్రాజెక్టు మొదలైన కొత్తలో ఉత్సాహంగా ఉన్న పిల్లలు మధ్యలో ఎందుకు బెంబేలెత్తుతున్నారో తన లైబ్రరీలోనే గమనించి, 1980లలో హైస్కూల్ విద్యార్థుల మీద పరిశోధన చేశారు. పిల్లలు ఏం చేస్తున్నారన్నదే కాకుండా ఏమనుకుంటున్నారు, వాళ్లకెలా అనిపిస్తోంది అన్నది కూడా రాయించుకున్నారు. సమాచారం వెతకడంలో ఆరు దశలున్నాయని చూపించారు. అంశం ఎంచుకున్నాక, చదవడం మొదలుపెట్టాక, ఒక పుస్తకం చెప్పేది ఇంకో పుస్తకం చెప్పేదానితో పొసగనప్పుడు, ధైర్యం పెరగాల్సింది పోయి తగ్గుతుంది. అది పిల్లల తప్పు కాదు, నేర్చుకోవడంలో అదొక మెట్టు. మన దృష్టి ఏ కోణం మీద పెట్టాలో తేలాకే మళ్లీ నమ్మకం కుదురుతుంది.

ఈ సంగతి నాకు ఒక సమావేశంలో, ఇలాంటి హాల్లోనే, ఒక తోటి లైబ్రేరియన్ చెప్పగా తెలిసింది. మరుసటి ఏడాది మూడోరోజు నేను పిల్లలకు చీటీలిచ్చి ఇవాళ ఎలా అనిపిస్తోందో ఒక్క మాట రాయమన్నాను. 'అయోమయం', 'విసుగు', 'భయం' అని వచ్చాయి. బోర్డు మీద అన్నీ రాసి, "ఇది అందరికీ వచ్చేదే, సరిగ్గా ఇప్పుడే రావాలి" అని చెప్పాను. గదిలో బరువు దిగిపోయింది. ఆ ఏడాది కాపీ కొట్టడం పూర్తిగా పోలేదు, కానీ పిల్లలు సొంత ప్రశ్నలతో రావడం మొదలైంది. సైన్స్ టీచరు తర్వాత సోషల్ టీచరుకు చెప్పారు. నేనెవరికీ ప్రచారం చేసుకోలేదు.

ఆలోచించండి. ఎక్కడో ఒక స్కూల్ లైబ్రేరియన్ తన పిల్లల ముఖాలు గమనించి, దాన్ని తనలోనే దాచుకోకుండా రాసి, నలుగురిలో పెట్టకపోతే, నా మూడోరోజు ఎప్పటికీ నాకొక ఓటమిలాగే మిగిలిపోయేది. బడి లోపలి నాయకత్వానికీ, బడి బయటి సేవకూ మధ్య గోడ ఉందని నేననుకోకపోవడానికి ఇదే కారణం.

చరిత్రలో కూడా మన వృత్తి ఇలాగే పెరిగింది. 1900లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఎరాస్మస్ హాల్ హైస్కూల్‌కు మేరీ కింగ్స్‌బరీ అనే ఆవిడను నియమించారు. గ్రంథాలయ శిక్షణ పొంది హైస్కూల్‌లో లైబ్రేరియన్‌గా చేరిన మొదటి వ్యక్తిగా ఆవిడ పేరు చెబుతారు. అదే బ్రూక్లిన్‌లో 1903లో మేరీ హాల్ బాలికల హైస్కూల్‌లో చేరారు. మేరీ హాల్ తన లైబ్రరీ నడుపుకుని ఊరుకోలేదు. హైస్కూల్ లైబ్రరీ ఎలా ఉండాలో వ్యాసాలు రాశారు, ఉపాధ్యాయుల సంఘంలోనూ లైబ్రేరియన్ల సంఘంలోనూ కమిటీల్లో కూర్చున్నారు. 1920లో హైస్కూల్ లైబ్రరీలకు ఆ దేశంలో మొట్టమొదటి జాతీయ ప్రమాణాలు వచ్చాయి. ఎంత స్థలం ఉండాలి, ఎలాంటి అర్హత ఉన్న మనిషి ఉండాలి, పుస్తకాలు ఎలా ఉండాలి అన్నవన్నీ రాతపూర్వకంగా పెట్టారు. ఆ కమిటీ అధ్యక్షుడు సి.సి. సర్టైన్ లైబ్రేరియన్ కాదు, ఇంగ్లిష్ టీచర్. నాకు ఇది చాలా విలువైన విషయం అనిపిస్తుంది. మన కోసం మనమే మాట్లాడితే ఒక ఎత్తు, మనవల్ల మేలు పొందిన టీచరు మాట్లాడితే ఇంకో ఎత్తు. కానీ ఆ టీచరు పక్కన ఏళ్ల తరబడి పనిచేసిన లైబ్రేరియన్లు లేకపోతే ఆయనకా పట్టింపు ఎందుకుంటుంది?

ఆ దేశపు స్కూల్ లైబ్రేరియన్లకు 1951లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ అనే పెద్ద సంఘంలో తమ సొంత విభాగం ఏర్పడింది. 1971లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో అంతర్జాతీయ స్కూల్ లైబ్రేరియన్ల సంఘం పుట్టింది. అక్టోబర్‌ను స్కూల్ లైబ్రరీల నెలగా ఎన్నో దేశాల్లో జరుపుతున్నారంటే వాళ్ల చొరవే. అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య 2015లో ఇచ్చిన స్కూల్ లైబ్రరీ మార్గదర్శకాలు చదవండి. లైబ్రేరియన్ పాత్రల్లో బోధన, నిర్వహణలతో సమానంగా నాయకత్వం, కలిసి పనిచేయడం అని స్పష్టంగా రాశారు. హెడ్మాస్టర్ గారికి చూపించడానికి అంతకన్నా గట్టి కాగితం లేదు. నేను ప్రింట్ తీసి రెండుసార్లు చూపించాను. మొదటిసారి పనిచేయలేదు, కొత్త హెడ్మాస్టర్ వచ్చాక పనిచేసింది.

కాగితాలు చూపించడం కన్నా లైబ్రరీ చూపించడం మేలని చెప్పే ఉదాహరణ కూడా ఒకటుంది. 1963 నుంచి 1968 దాకా అమెరికాలో న్యాప్ ప్రాజెక్టు అని ఒకటి నడిచింది. కొన్ని బడులను ఎంచి, వాటిల్లో లైబ్రరీలను నిజంగా ఎలా ఉండాలో అలా తయారుచేసి, ఇతర బడుల నుంచి టీచర్లనూ అధికారులనూ బృందాలుగా రప్పించి చూపించారు. ఆ అయిదేళ్ల ప్రాజెక్టు వెనకున్న ఆలోచన చాలా తేలికైనది: మంచి స్కూల్ లైబ్రరీని ఎప్పుడూ చూడని మనిషి దాన్ని అడగడు. మనకు అంత పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు. పక్క బడి నుంచి ఇద్దరు టీచర్లను పిలిచి, పిల్లలు పనిచేస్తున్న ఒక పీరియడ్ చూపించగలం. పిల్లలు లేని ఖాళీ గది, సర్దిన అరలు చూపించకండి. అది గోడౌన్ చూపించినట్టుంటుంది.

అంకెలు కావాలనేవాళ్లూ ఉంటారు. 1993లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో కీత్ కరీ లాన్స్, ఆయన సహచరులు ఒక అధ్యయనం చేశారు. సిబ్బందీ పుస్తకాలూ బాగా ఉన్న లైబ్రరీలున్న బడుల్లో పిల్లల పరీక్షల ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని, ఆ ప్రాంతపు పేదరికం, పెద్దల చదువు లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా ఉందని తేలింది. తర్వాత అక్కడి ఇంకా చాలా రాష్ట్రాల్లో అలాంటివి జరిగాయి. ఒక్క మాట. రెండు విషయాలు కలిసి కనిపించడం వేరు, ఒకదానివల్ల ఇంకొకటి జరిగిందని నిరూపించడం వేరు. ఈ అధ్యయనాలు మొదటిది చూపిస్తాయి. వాటిని ఉన్నదున్నట్టే చెప్పండి, పెంచి చెప్పకండి. సమాచారాన్ని జాగ్రత్తగా వాడమని పిల్లలకు నేర్పేవాళ్లం మనమే కదా. వాటితోపాటు మీ సొంత బడి లెక్క పెట్టండి. ఎన్ని పుస్తకాలు ఇష్యూ అయ్యాయన్నది ఎవరినీ కదిలించదు. 'ఈ ఏడాది ఆరుగురు టీచర్లు నాతో కలిసి పాఠం చెప్పారు, పోయినేడు ఇద్దరే' అంటే వింటారు.

ఇప్పుడు చెప్పేది నాకు బాధ కలిగించే విషయం. అయినా చెప్పాలి. ఒకసారి ఒక తండ్రి వచ్చి ఒక నవల మా పిల్లలు చదవకూడదు, తీసేయండని గట్టిగా అడిగారు. ఆ పుస్తకం చాలా మంచిదని నాకు తెలుసు. తల్లి పోయిన ఒక అమ్మాయి దాన్ని మూడుసార్లు తీసుకెళ్లింది. ఎందుకు తీసుకెళ్తోందో నేనెప్పుడూ అడగలేదు, అడగకూడదు కూడా. కానీ ఆ రోజు నా చేతిలో ఏ కాగితమూ లేదు. పుస్తకాలు ఏ ప్రాతిపదికన ఎంచుతామన్న విధానం లేదు. అభ్యంతరం వస్తే ఏం చేయాలన్న పద్ధతీ లేదు. పైనుంచి 'గొడవెందుకు మేడమ్' అన్నారు. నేను తీసేశాను. ఎవరికీ చెప్పకుండా బీరువాలో పెట్టేశాను. ఆ అమ్మాయి మళ్లీ వచ్చి అడిగింది, పుస్తకం ఎవరో తీసుకెళ్లారని అబద్ధం చెప్పాను.

ఆ నెల మా లైబ్రేరియన్ల సంఘం సమావేశంలో ఈ సంగతి బయటపెట్టాను. సిగ్గుతోనే చెప్పాను. ఆశ్చర్యమేమిటంటే ఇంకో నలుగురు 'మా బడిలోనూ' అన్నారు. అయిదుగురం అయిదు బడుల్లో ఒకే పని, ఎవరికి వాళ్లం గుట్టుగా చేశాం. అప్పుడు కూర్చుని ఒక విధానం రాశాం. పుస్తకం ఎంపిక కొలమానాలు ఒక పేజీ, అభ్యంతర పత్రం ఒక పేజీ. అభ్యంతరం చెప్పేవాళ్లు పుస్తకం మొత్తం చదివారా లేదా రాయాలి. ఒక టీచరు, ఒక తల్లి లేదా తండ్రి, లైబ్రేరియన్ కలిసి చదివి నిర్ణయిస్తారు. నిర్ణయం వచ్చేదాకా పుస్తకం అరలోనే ఉంటుంది. తమ పిల్లల గురించి అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది, అందరి పిల్లల తరఫున తీసేయించే హక్కు ఒక్కరికి లేదు. దీన్ని రాసి, బడుల యాజమాన్యాలతో ముందే సంతకాలు చేయించుకున్నాం. గొడవ వచ్చాక రాస్తే అది ఒక మనిషి మీద రాసినట్టవుతుంది, అందుకే ముందే రాయాలి.

రెండేళ్ల తర్వాత ఇంకో అభ్యంతరం వచ్చింది. నేను పత్రం ఇచ్చాను. వచ్చినావిడ కూర్చుని చదివి, 'ముందు పుస్తకం చదివి వస్తాను' అన్నారు. మళ్లీ రాలేదు. నేను ధైర్యవంతురాలినై పోలేదండీ. నా వెనక అయిదు బడుల సంతకాలున్నాయి, అంతే తేడా.

సంఘాల గురించి ఉన్న మాట కూడా అనుకోవాలి. నేను ఎనిమిదేళ్లు మా సంఘానికి కార్యదర్శిగా ఉన్నాను. అది మూడేళ్లకు మించి ఉండకూడదని ఇప్పుడనిపిస్తుంది. నలుగురమే అన్నీ చేస్తూ 'కొత్తవాళ్లు ముందుకు రావడం లేదు' అనుకునేవాళ్లం. వాళ్లు కూర్చోడానికి మేం కుర్చీ ఖాళీ చేయలేదు మరి. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటిరోజే చిన్న పనివ్వాలి. మినిట్స్ రాయడం అందుకు చాలా మంచిది. మినిట్స్ రాసే మనిషి సమావేశం మొత్తం జాగ్రత్తగా వింటారు, ఎవరేం ఒప్పుకున్నారో వాళ్లకే గుర్తుంటుంది. కొన్నాళ్లకు అందరూ వాళ్లనే అడుగుతారు. నాయకత్వం అలా వస్తుంది.

ఇంకొకటి. సంఘమంటే జీతాలూ సర్వీసు సమస్యలూ మాత్రమే అయిపోతే మనుషులు సమస్య ఉన్నప్పుడే వస్తారు. జీతం గురించి మాట్లాడాల్సిందే, పోస్టులు ఖాళీగా ఉంటే పోరాడాల్సిందే. కానీ ప్రతి సమావేశంలో కనీసం అరగంట ఎవరో ఒకరు తమ లైబ్రరీలో చేసిన ఒక్క పని చెప్పాలి. జరగనిది కూడా చెప్పాలి. విజయాల గురించే మాట్లాడే చోట కొత్తగా చేరినవాళ్లు నోరు విప్పరు.

పిల్లల మాట మరిచిపోకూడదు. లైబ్రరీలో సాయంగా ఉండే పిల్లలకు పుస్తకాలు సర్దడంతో సరిపెట్టకుండా, ఏ పుస్తకాలు కొనాలో కూర్చుని మాట్లాడే అవకాశం ఇవ్వండి. వాళ్లు ఎంచినవి అరలో ఎక్కువసేపు నిలవవు.

ఇప్పుడు ఏఐ వచ్చింది. పిల్లలు ప్రశ్న అడిగితే క్షణంలో సాఫీగా జవాబు వస్తోంది, అది ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం చాలాసార్లు చెప్పదు, చెప్పినా ఒక్కోసారి లేని పుస్తకం పేరు చెబుతుంది. ఇలా లేని పుస్తకం వెతుక్కుంటూ మా లైబ్రరీకి ఒకే వారంలో ముగ్గురు పిల్లలొచ్చారు. బడుల్లో దీనిమీద కమిటీలు వేస్తున్నారు. ఆ కమిటీలో మనల్ని వేయరు, మనమే అడగాలి. జవాబు ఎక్కడిది, ఎవరు చెప్పారు, ఎలా సరిచూసుకోవాలి అన్నవి కొత్త ప్రశ్నలు కావు, మనం రోజూ అడిగేవే. ఈ విషయంలో నాకు తెలియంది చాలా ఉంది, నేర్చుకోవాలి. రిటైర్మెంట్‌కు ఇంకా రెండేళ్లుంది.

టీ బ్రేక్ టైమ్ అయింది, ఆపేస్తాను. వెనక బల్ల మీద ఒక పొడుగు నోట్‌బుక్ పెట్టించాను. ప్రతి పేజీలో రెండు గడులున్నాయి. ఎడమవైపు 'నేను నేర్పగలిగింది', కుడివైపు 'నాకు నేర్పాల్సింది'. పేరు, బడి, ఫోన్ నంబర్ రాయండి. మధ్యాహ్నం మనం కూర్చుని ఎడమ గడులనూ కుడి గడులనూ జతకలుపుదాం. ఈ ఏడాది ఉద్యోగంలో చేరినవాళ్లు ఎడమ గడి ఖాళీగా వదలకండి, మీకు తెలిసినవి మాకు తెలియవు. మొదటి లైను నేనే రాశాను. కుడివైపు, ఏఐ గురించి ఎనిమిదో తరగతికి ఒక పాఠం ఎలా చెప్పాలో ఎవరైనా నాకు నేర్పండి. ఎడమవైపు, స్టాక్ వెరిఫికేషన్. పక్కనే నా నంబరుంది. ఆదివారమైనా వస్తాను, తాళం తీయించి పెట్టండి.